ఏడు బాతులు

పక్షులకి పొలిమేరలు లేవని, పాస్‌పోర్టులు అక్కర్లేదని మనం మాట వరసకి అంటూ వుంటాం. కాలేజీ వార్షికోత్సవాల్లో ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్న వక్తలు నాకు చాలామంది తెలుసు. కాని ఒక బాతుకి పొలిమేర గీసి, అది దాటినందుకు వెతికి వెతికి కాల్చిన కథ ఒకటి వుంది. అదేదో వేటగాళ్ళ పని అయితే ఈ పేజీలో ఎత్తేవాణ్ణి కాను. పక్షులంటే ప్రాణం పెట్టేవాళ్ళే దగ్గరుండి ఆ పని చేయించారు. వింత అంతా అక్కడే వుంది.

ఆ బాతుని ఇంగ్లీషులో రడ్డీ డక్ అంటారు. అమెరికా ఖండపు పక్షి. మనకి దానితో పరిచయం లేదు గనుక మన భాషలో పేరూ లేదు. ఈ వారానికి మనం ఎర్రబాతు అనుకుందాం. నా విద్యార్థులెవరైనా ఇది చదువుతూ వుంటే తొందరపడి "జక్కవ కాబోలు" అనేస్తారేమో, అది కాదు. జక్కవని, అంటే మన ప్రబంధ కవుల చక్రవాకాన్ని, ఇంగ్లీషువాడు రడ్డీ షెల్‌డక్ అంటాడు. పేర్లలో ఎరుపు కలిసిందే గాని చుట్టరికం బహుదూరం. చక్రవాకం చలికాలంలో టిబెట్టు, లడాఖ్ వైపు నుంచి మన దేశానికి దిగుతుంది. పగలంతా జంటగా వుండి రాత్రి విడిపోతాయని మన కవులు ఆ అమాయకపు పక్షుల్ని కొన్ని వందల ఏళ్ళపాటు పద్యాల్లో ఏడిపించారు.

ఎర్రబాతుకి అలాంటి కావ్యగౌరవం లేదు. అరచేతులు రెండూ చాపితే పట్టేటంత పిట్ట. బరువు అరకిలోకి కాస్త అటూ ఇటూ. తోక బిరుసుగా, నీళ్ళమీద నిక్కబొడుచుకుని వుంటుంది. సంతానకాలం వచ్చేసరికి మగదాని ఒళ్ళంతా ఇటుకరంగు, బుగ్గలు తెలుపు, ముక్కు మటుకు ఎవరో స్కూలు పిల్లవాడు రంగు పెన్సిలుతో దిద్దినట్టు నీలం. ఆడదాన్ని మెప్పించడానికి అది చేసే పని చూడాలి. ఆ నీలపు ముక్కుతో తన రొమ్ము మీద తనే టపటపా బాదుకుంటుంది. ఈకల మధ్యనున్న గాలి బుడగలు బుడగలుగా నీళ్ళలోకి వస్తుంది. చివర త్రేన్చినట్టు ఒక చప్పుడు చేస్తుంది. ఆడదానికి అది నచ్చుతుంది! తన ఒంటి పరిమాణంతో పోలిస్తే నీటిపక్షుల్లో దీనంత పెద్ద గుడ్డు పెట్టేది మరొకటి లేదంటారు. ఒక గూట్లో పెట్టే గుడ్లన్నీ కలిపి తూస్తే ఇంచుమించు తల్లి బరువు తూగుతాయట. ఇది విని మా ఆవిడ, "బుడగలు తీసేవాడికేం, హాయిగా వుంది," అన్నది.

అమెరికాలో వున్నంతకాలం ఈ బాతు ఎవరికీ ఇబ్బంది కాలేదు. అక్కడి మైదానాల్లో రెల్లు పెరిగిన చిన్న చిన్న మడుగుల్లో గూడు కట్టుకునేది. ఇప్పటికీ లక్షల్లో వున్నాయి. సముద్రం దాటించినవాడు మనిషి.

ఆ మనిషి చిన్నవాడు కాడు. సర్ పీటర్ స్కాట్. దక్షిణ ధ్రువం చేరి, తిరిగి వస్తూ 1912లో మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ కొడుకు. తండ్రి పోయేటప్పటికి పిల్లవాడికి మూడేళ్ళు నిండలేదు. గుడారంలో చావు ఎదురుచూస్తూ భార్యకి రాసిన ఉత్తరంలో, పిల్లవాడికి ప్రకృతిశాస్త్రం మీద ఆసక్తి కలిగించమని ఆయన కోరాడు. తండ్రి కోరిక అంత అక్షరాలా తీర్చిన కొడుకు అరుదు. పీటర్ స్కాట్ పక్షుల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. 1936 ఒలింపిక్సులో పడవ పందెంలో కాంస్య పతకం గెలిచాడు. 1946లో స్లింబ్రిడ్జి అనే పల్లె దగ్గర, సెవెర్న్ నది ఒడ్డున, నీటిపక్షుల కోసం ఒక సంస్థ పెట్టాడు. 1961లో పుట్టిన ప్రపంచ వన్యప్రాణి నిధికి పాండా గుర్తు గీసి ఇచ్చిందీ ఆయనే.

ఆయన చేసిన మంచిపని ఒకటి ముందు చెప్పాలి. చెప్పకపోతే తరవాత కథ చదివి పాఠకులు ఆయన్ని అన్యాయంగా తిట్టుకుంటారు. హవాయి దీవుల్లో నేనే అనే ఒక పెద్దబాతు జాతి వుంది. (ఆ పక్షి పేరే అది, నేను కాను.) 1950 ప్రాంతానికి అవి లోకం మొత్తంమీద ముప్ఫై దాకా మిగిలాయి. 1950లో ఒక జంటని స్లింబ్రిడ్జికి పంపారు. వీళ్ళు మహా శ్రద్ధగా చూసుకుంటున్నారు. తీరా చూస్తే రెండూ గుడ్లు పెట్టాయి! హవాయికి కబురు పెడితే విమానంలో ఒక మగపక్షి దిగింది. అక్కణ్ణించి సంసారం సాగింది. 1962 నుంచి స్లింబ్రిడ్జిలో పెరిగిన పిల్లల్ని తిరిగి హవాయి దీవులకి పంపి వదిలారు. ఆ జాతి ఈ రోజున బతికి వున్నదంటే అందులో స్లింబ్రిడ్జి కొలనుల చలవ వుంది.

అదే కొలనులకి 1948లో అమెరికా నుంచి ఎర్రబాతులు వచ్చాయి. మొత్తం ఏడు. ముచ్చటైన పిట్టలు, వచ్చే జనానికి చూపించడానికి బాగుంటాయని తెప్పించారు. ఏనుగులు తెప్పించారా, పులులు తెప్పించారా? ఏడు బాతులు!

కొలనుల్లో పెంచే పక్షుల పిల్లలకి రెక్క కొసన కొంచెం కోసేస్తారు. ఇక అవి ఎగిరిపోలేవు. ఎర్రబాతు పిల్లలతో వచ్చిన చిక్కేమిటంటే, కోడి కింద పొదిగించి మనుషులు పెంచుదామంటే సరిగా బతకవు. తల్లికే వదిలేస్తే చక్కగా పెరుగుతాయి. తల్లికి వదిలేస్తే మరి చేతికి దొరకవు; పట్టబోతే బుడుంగున మునిగి ఎక్కడో తేలతాయి. అలా దొరకని పిల్లలు రెక్కలొచ్చి ఒక్కొక్కటే లేచిపోయాయి. 1950ల నుంచి 60ల మొదటి సంవత్సరాల దాకా పోయినవన్నీ కలిపితే డెబ్బై వుంటాయని అంచనా. అప్పుడెవరూ కంగారు పడలేదు. చలికి చచ్చిపోతాయనే అనుకుని వుంటారు.

అవి చావలేదు. 1960లో బ్రిస్టల్ నగరానికి మంచినీళ్ళిచ్చే ఛూ వాలీ అనే రిజర్వాయరులో గూడు కట్టి పిల్లల్ని లేపాయి. ఆ రిజర్వాయరు కట్టి అప్పటికి నాలుగేళ్ళే. పట్టణాలు పెరిగి ఎక్కడికక్కడ కొత్త రిజర్వాయర్లు లేస్తున్న కాలం అది. కొత్త నీళ్ళు, కొత్త రెల్లు, పోటీకి వచ్చే పక్షి లేదు. కొత్తగా వెలసిన కాలనీలో మొదట ఇల్లు కట్టుకున్నవాడికి ఎంత సుఖమో వాటికీ అంత సుఖం. 1975 నాటికి ఏభై, అరవై జంటలు. 2000 వచ్చేసరికి బ్రిటన్‌లో వాటి సంఖ్య సుమారు ఆరువేలు. నీలపు ముక్కు పిట్టని చూసి ఆనందించని వాళ్ళు లేరు. పక్షుల పుస్తకాల్లో దానికీ ఒక పేజీ వచ్చింది, తాతముత్తాతల నుంచి ఆ వూళ్ళోనే కాపురం వున్నట్టు.

అక్కడితో ఆగితే ఇది ఒక వలసదారు బాగుపడిన కథ అయివుండేది. ఇక స్పెయిన్ వెళదాం.

స్పెయిన్ దక్షిణాన కోర్దోవా చుట్టుపట్ల ఉప్పునీటి మడుగులు కొన్ని వున్నాయి. వాటిల్లో తెల్లతల బాతు అనే పక్షి వుంటుంది. ఎర్రబాతుకి వరసకి పినతల్లి బిడ్డ. అదే బిరుసు తోక, అదే నీలపు ముక్కు, కాకపోతే ముక్కు మొదట్లో ఉబ్బు, తలంతా తెలుపు. స్పెయిన్ మొదలుకుని తుర్కీ, కజకస్తాన్ దాకా అక్కడో గుంపు ఇక్కడో గుంపుగా బతికే జాతి అది. చలికాలంలో మన దేశపు వాయవ్యం మూలకి, పంజాబు వైపు, అరుదుగా వచ్చిన దాఖలాలున్నాయి. మన కొల్లేరుకి, పులికాటుకి రాదు. మనిషి అలికిడి వింటే ఎగిరిపోక మునగడం దాని స్వభావం. తుపాకీ పట్టుకున్నవాడికి ఇంతకన్న సులువైన గురి ఏముంటుంది? వేట ఒక పక్క, పొలాలకోసం మడుగులు ఎండగట్టడం ఇంకొక పక్క. 1977లో లెక్క పెడితే స్పెయిన్ మొత్తంమీద మిగిలినవి 22.

ఇరవైరెండు! మా ఇంట్లో పెళ్ళికి బంతిలో కూర్చున్నవాళ్ళు అంతకు రెట్టింపు వుంటారు.

అక్కడి కుర్రవాళ్ళు, శాస్త్రజ్ఞులు, ప్రభుత్వమూ కలిసి పట్టుబట్టారు. వేట మాన్పించారు. మడుగులకి కాపలా పెట్టారు. వేటగాళ్ళని బతిమాలారు, బెదిరించారు. ఇరవైరెండు వందలైనాయి, కొన్నేళ్ళకి వేలల్లోకి వచ్చాయి. ఒక జాతిని నూతిలోంచి చేంతాడు వేసి పైకి లాగినంత పని. సరిగ్గా అది గట్టు ఎక్కుతూ వున్న సమయంలో, 1980లలో, ఎర్రబాతులు వచ్చి స్పెయిన్ మడుగుల్లో దిగాయి. బ్రిటన్‌లో సంఖ్య పెరిగినకొద్దీ చలికి దక్షిణానికి ఎగిరేవీ పెరిగాయి మరి.

వచ్చి దెబ్బలాడి తరిమేస్తే అది వేరే సంగతి. పెళ్ళాడాయి. ఎర్రబాతు మగవాడు దూకుడు మనిషి. తెల్లతల మగవాణ్ణి పక్కకి నెట్టేస్తాడు. 1991లో మొదటి సంకరపు పిల్లలు కనిపించాయి. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచర గాడిదకి సాధారణంగా సంతానం వుండదు గనుక గొడవ అక్కడితో తీరుతుంది. వీటికి సంతానం కలుగుతుంది, ఆ సంతానానికీ కలుగుతుంది. ఒక పక్క ఆరువేలు, రానురాను ఇంకా ఎక్కువ. ఇంకొక పక్క ఇరవైరెండు నుంచి కూడదీసుకున్న కొద్ది వేలు. నాలుగు తరాలు తిరిగితే తెల్లతల బాతు అనేది చచ్చిపోకుండానే లేకుండా పోతుంది. స్పెయిన్ దాటి తుర్కీ చేరితే, అటుపైన మధ్య ఆసియా విశాలంలో ఆపగలవాడు ఎవడూ లేడు.

ఈ కథ నేను మా స్టాఫ్‌రూములో చెప్పాను. అక్కడ ఏది చెప్పినా రెండు పక్షాలు తయారవుతాయి. "సంకరమైతే మునిగిందేమిటండీ?" అన్నారు మా ఎకనామిక్సు ఆయన. "ఇంత తెలుగు చెబుతారు గదా, మీ తెలుగు సంకరం కాలేదూ? కుర్చీ ఎవరిది, కాగితం ఎవరిది, రైలు ఎవరిది? బాతులకి లేని మడి మీకెందుకు?"

ప్రశ్న మంచిదే. కొన్నాళ్ళు నేనూ దాన్ని మనసులో నానవేసుకున్నాను. తెలుగు కుర్చీని తెచ్చుకుని దానికి తెలుగు విభక్తి తగిలించి కూర్చుంది. తెలుగు తెలుగుగానే వుంది. ఎందుకంటే మాట్లాడేవాళ్ళు కోట్లమంది. కాని మన విజయనగరం, శ్రీకాకుళం కొండల్లో గదబ భాష వుంది. తెలుగుతో కలిసి అది బలిసిందా? లేదు. ఒక్కొక్క ఇల్లే తెలుగులోకి జారిపోయింది. తాతకి వచ్చిన మాట మనవడికి రాదు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. పెద్దదీ చిన్నదీ పక్కపక్కన వుంటే చాలు. కలవడం అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఇద్దరూ ఒక ఎత్తున వున్నప్పుడు ఒక అర్థం, లేనప్పుడు ఇంకొక అర్థం. మా ఎకనామిక్సు ఆయన ఒప్పుకోలేదు గాని టీ మటుకు ఆయనే ఇప్పించారు.

మా జువాలజీ మిత్రుడు ఇంకొకటి చెప్పాడు. గేదె వీపు మీద కూర్చునే మన తెల్లకొంగ వుందే, అది పందొమ్మిదో శతాబ్దం చివర ఆఫ్రికా నుంచి తన రెక్కలతో తనే అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరింది. 1950ల నాటికి ఉత్తర అమెరికాలో గూళ్ళు పెట్టింది. దాన్ని ఎవరూ దోషిగా నిలబెట్టలేదు. ఈనాడు అమెరికాలోనే ఒక ఈలవేసే బాతు, పొట్ట నల్లగా వుంటుంది దానికి, మెక్సికో, టెక్సాస్ వైపు నుంచి ఏటేటా ఉత్తరానికీ తూర్పుకీ పాకుతోంది. చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. జనం దానికి దొడ్లో చెక్కపెట్టెలు కట్టి మరీ పిలుస్తున్నారు. వచ్చినవాడు వేరు, తెచ్చినవాడు వేరు అని అతని వాదం. ఎర్రబాతు కూడా ఐస్‌లాండ్ మీదుగా తనంతట తనే వచ్చిందేమో, పాపం స్కాట్‌కి ఎందుకు అంటగడతారు అని అక్కడా కొందరు వాదించారు. 2006లో దాని జన్యువులు పరీక్షించి ఆ సందేహం తీర్చారు. ఐరోపాలో తిరిగే ఎర్రబాతులన్నీ ఆ పెంపుడు గుంపు సంతానమే. ఏడే పక్షుల నుంచి పుట్టాయంటే సరిపోయేటంత ఇరుకు రక్తం.

తెచ్చినదాన్ని తిరిగి తీసుకుపోవడం మాట్లాడినంత తేలిక కాదని మన రైతుకి చెప్పనక్కర్లేదు. గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి ఊదాపూల అందానికి మురిసి తెచ్చుకున్న మొక్కే. కొల్లేటిలో పడవ వేసేవాణ్ణి అడగండి దాని అందం గురించి.

బ్రిటన్‌లో 1990లలో ప్రయోగాలు మొదలుపెట్టారు. గుడ్లమీద నూనె రాసి చూశారు. బోనులు పెట్టి చూశారు. ఏదీ పెద్దగా పనిచెయ్యలేదు. ఇక తుపాకీయే అన్నారు. 2005లో దేశమంతటా తుడిచిపెట్టే పథకం ఆరంభమైంది. చలికాలంలో ఇవన్నీ కొద్దిపాటి పెద్ద రిజర్వాయర్ల మీద గుంపు కడతాయి గనుక, అప్పుడు పడవల్లో వెళ్ళి, చప్పుడు అణిచే గొట్టం తగిలించిన తుపాకులతో కాల్చేవారు. పక్కదానికి తెలియకుండా పక్కది పడిపోవాలి. ఖర్చు ముప్ఫై లక్షల పౌన్లు దాటింది. మొత్తంమీద ఆరువేలకి పైగా చంపారు. బ్రిటన్‌లో పక్షిరక్షణకి పెద్దదిక్కయిన రాయల్ సొసైటీ "ఇది జరగవలసిందే" అన్నది. స్కాట్ స్థాపించిన సంస్థ కూడా అదే చెప్పింది. స్కాట్ 1989లోనే పోయాడు; తన కొలను పిల్లలు స్పెయిన్‌లో చేసిన సంసారం చూడలేదు.

అందరూ ఊరుకోలేదు. జంతుకారుణ్యం వాళ్ళు వీధిన పడ్డారు. తమ చెరువులోకి తుపాకీ రానివ్వమని కొందరు ఆసాములు తలుపులు వేసుకున్నారు. పక్షుల్ని చూసేవాళ్ళలో కొందరు, ఎర్రబాతు ఎక్కడ కనిపించిందో నోరు మెదపడం మానేశారు. నాకు వీళ్ళ మీద కోపం రాదు. మా తరగతిలో ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, తెచ్చినవాడు మనిషి, రెక్క కొయ్యడం మరిచినవాడు మనిషి, రిజర్వాయరు కట్టినవాడు మనిషి. శిక్ష బాతుకా?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. బెల్లు కొట్టడం నాకు కలిసొచ్చింది.

జవాబు ఇప్పుడు చెబుతాను. అది శిక్ష కాదమ్మా. బాతు తప్పు చేసిందని ఎవరూ అనలేదు. ఎర్రబాతు అమెరికాలో లక్షల్లో వుంది, రేపూ వుంటుంది. తెల్లతల బాతు పోతే మరి ఎక్కడా లేదు. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పని ఇరుకులోకి మనిషి వచ్చి నిలబడ్డాడు. ఆ ఇరుకులో ఆ తుపాకీ పేలక తప్పదనే నేనంటాను. అలా అన్నందుకు నాకు సంతోషం లేదు. నాకు కోపం వచ్చేది వేరేచోట. 1975లో ఏభై, అరవై జంటలున్నప్పుడు ఎవరో ఒకరు పూనుకుని వలవేసి పట్టుకుంటే తీరేది. సంకరం పిల్లలు కనబడ్డ తరవాత కూడా కమిటీలు, ప్రయోగాలు, మళ్ళీ కమిటీలు, పద్నాలుగేళ్ళు గడిచాయి. ఆ పద్నాలుగేళ్ళూ బాతులు కమిటీ వేసుకోలేదు, గుడ్లు పెట్టాయి. ఆలస్యం చేసిన ప్రతి ఏడూ చంపవలసిన పక్షుల లెక్క పెరిగింది. దయ చూపిస్తున్నామనుకుంటూ మూల్యం పెంచారు.

2016లో యూరోపియన్ యూనియన్ ఎర్రబాతుని రానివ్వకూడని ప్రాణుల పట్టీలో చేర్చింది. స్పెయిన్ మడుగుల్లో సంకరం వ్యవహారం అదుపులోకి వచ్చింది. తెల్లతల బాతుకి ఇప్పుడు పట్టుకున్న భయం ఇంకొకటి. వానలు తగ్గి, పొలాలకి నీళ్ళు తోడి, మడుగులే ఎండిపోతున్నాయి. ఒకప్పుడు చలికాలానికి పదివేల దాకా చేరిన తుర్కీలోని బుర్దూర్ సరస్సు ఏటేటా వెనక్కి జరుగుతోంది. దీనికి కాల్చవలసిన బాతు ఎక్కడా కనబడదు.

బ్రిటన్‌లో ఎర్రబాతులు అన్నీ పోయాయా అంటే పూర్తిగా పోలేదు. 2010లు గడిచేసరికి లెక్క పదుల్లోకి వచ్చింది. ఆ మిగిలిన కొద్దీ పట్టుకోవడమే కష్టం. ఎండాకాలం రెల్లులో దాగి వుంటాయి; చలికాలం వేరే బాతుల గుంపుల్లో ఒకటీ అరా కలిసిపోయి తిరుగుతాయి. వెతికేవాళ్ళు తెల్లవారుజామున దుర్భిణీలు పట్టుకుని గట్లమీద కూర్చుంటున్నారు. మొదట్లో స్లింబ్రిడ్జి పనివాళ్ళు రెక్క కోయడానికి పట్టబోయినప్పుడు చేసినట్టే, అవి ఇప్పటికీ మనిషిని చూడగానే బుడుంగున మునుగుతాయి.